ఇంటి వస్తువులతో కంప్యూటర్ మీటలు

ఇంట్లో దొరికే విద్యుత్ వాహకాలతో కంప్యూటర్‌కు మీటలు తయారు చేసుకునే పద్ధతిని ఎలక్ట్రానిక్స్ అభిరుచి గలవారు, ఉపాధ్యాయులు, సంగీతకారులు, దివ్యాంగులకు పరికరాలు రూపొందించేవారు కలిసి పెంచి పోషించారు. అరటిపండు, అల్యూమినియం రేకు, ఉప్పు కలిపిన పిండిముద్ద, పెన్సిల్ గీత, స్టీలు గరిటె, చివరికి పక్కనున్న మనిషి చెయ్యి కూడా ఇందులో మీటగా పనికొస్తాయి. వస్తువుకు ఒక తీగ తగిలించి, ఆ తీగను చిన్న బోర్డుకు కలిపి, బోర్డును యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు జోడిస్తే, వస్తువును తాకిన ప్రతిసారీ కంప్యూటర్ ఒక మీట నొక్కినట్టు గుర్తిస్తుంది. 2012లో వచ్చిన ‘మేకీ మేకీ’ బోర్డుతో ఈ పద్ధతి అనేక దేశాల బడులకు చేరింది. ఏ వస్తువు మీటగా పనిచేస్తుందన్నది ఆ వస్తువు ఒక్కదాని గుణం మీదే ఆధారపడదు. ఎంత బలహీనమైన ప్రవాహాన్ని బోర్డు పసిగట్టగలదో దాన్ని బట్టే హద్దు ఏర్పడుతుంది. పదార్థాల ఎంపిక, బోర్డు ఎంపిక, ఎదురయ్యే చిక్కులు అన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

మామూలు మీట పనిచేసే తీరు

చవక కీబోర్డును విప్పి చూస్తే లోపల మూడు పల్చని ప్లాస్టిక్ పొరలు కనిపిస్తాయి. పై పొర మీదా కింది పొర మీదా విద్యుత్తును మోసే సిరాతో ముద్రించిన గీతలుంటాయి. నడుమ పొరలో మీటలున్న చోట రంధ్రాలుంటాయి. మీట నొక్కితే పై గీత రంధ్రం గుండా కింది గీతను తాకుతుంది. టీవీ రిమోట్‌లోనైతే రబ్బరు బటన్ అడుగున నల్లని కర్బనపు బిళ్ల ఉంటుంది. అది సర్క్యూట్ బోర్డు మీద విడిగా ఉన్న రెండు గీతలను కలుపుతుంది. ఆ బిళ్ల అరిగిపోయినప్పుడు చాక్లెట్ రేకు ముక్క అంటించి రిమోట్‌ను మళ్లీ పనిచేయించడం చాలా ఇళ్లలో తెలిసిన చిట్కానే. ఇంటి మీటల తయారీకి మూలసూత్రం అందులోనే ఉంది.

కీబోర్డులో ప్రతి మీటకూ విడిగా రెండేసి తీగలు ఉండవు. గీతలు అడ్డు వరుసలు, నిలువు వరుసలుగా అల్లుకుని ఉంటాయి. కంట్రోలర్ అనే చిన్న చిప్ ఒక్కో వరుసనూ వంతులవారీగా పరిశీలించి, ఏ అడ్డు గీత ఏ నిలువు గీతను తాకిందో తెలుసుకుంటుంది. ఆ కూడలికి కేటాయించిన సంఖ్యను కంప్యూటర్‌కు పంపుతుంది. యూఎస్‌బీ ప్రమాణంలో ‘ఏ’ అక్షరపు మీట సంఖ్య 4, స్పేస్ మీటది 44, కుడి బాణానిది 79, ఎడమ బాణానిది 80. కీబోర్డు పంపే ప్రాథమిక సందేశం పొడవు 8 బైట్లు. మొదటి బైట్ షిఫ్ట్, కంట్రోల్ వంటి మీటల స్థితిని చెబుతుంది. రెండోది ఖాళీ. మిగిలిన ఆరింటిలో ఒకేసారి నొక్కి ఉంచిన ఆరు మీటల దాకా సంఖ్యలుంటాయి. ఈ సందేశం ఎవరు పంపారన్నది కంప్యూటర్‌కు పట్టదు. అందుకే ప్లాస్టిక్ మీట స్థానంలోకి టమాటా వచ్చి కూర్చోగలుగుతోంది. కంప్యూటర్‌లో ఏ ప్రత్యేక సాఫ్ట్‌వేరూ వేయాల్సిన పని లేదు.

విద్యుత్ సూత్రం

బోర్డు మీది చిప్‌కు ఒక్కో మీటకు ఒక్కో కాలు (పిన్) ఉంటుంది. ఆ కాలును ఒక నిరోధకం ద్వారా 5 వోల్టులకు కలిపి ఉంచుతారు. దీన్ని పుల్‌అప్ నిరోధకం అంటారు. ఏమీ తాకనప్పుడు కాలు దగ్గర వోల్టేజి ఎక్కువగా ఉంటుంది కనుక చిప్ దాన్ని ‘నొక్కలేదు’ అని చదువుతుంది. వాడేవారు ఒక చేత్తో బోర్డు గ్రౌండ్ (సున్నా వోల్టుల) తీగను పట్టుకుని, మరో చేత్తో కాలుకు కలిపిన అరటిపండును తాకితే, పండు గుండా, శరీరం గుండా గ్రౌండ్‌కు దారి ఏర్పడుతుంది. వోల్టేజి పడిపోతుంది. అది ఒక హద్దు కన్నా తగ్గితే చిప్ ‘నొక్కారు’ అని చదువుతుంది.

మేకీ మేకీ తొలి బోర్డులో, ఆర్డ్యునో లియోనార్డో అనే బోర్డులో వాడిన ఏటీమెగా 32యూ4 చిప్‌కు 5 వోల్టుల సరఫరా ఇస్తే, ఆ హద్దు 0.9 వోల్టులు. లెక్క వేస్తే పండు, చర్మం, తీగల మొత్తం నిరోధం పుల్‌అప్ నిరోధంలో సుమారు ఐదో వంతుకు లోపే ఉండాలి. ఈ ఒక్క నియమం నుంచి పదార్థాల జాబితా మొత్తం తయారవుతుంది. చిప్ లోపలే ఉండే పుల్‌అప్ విలువ 20 వేల నుంచి 50 వేల ఓమ్‌లు. దానితో 4 వేల నుంచి 10 వేల ఓమ్‌ల లోపు వస్తువులే మీటలవుతాయి. రేకు రేకును తాకితే సరిపోతుంది, వేలితో తాకితే చాలదు. బయటినుంచి 10 లక్షల ఓమ్‌ల నిరోధకం కలిపితే హద్దు 2 లక్షల ఓమ్‌లకు పెరుగుతుంది. తడి వేళ్లు, పిండిముద్దలు లోపలికి వస్తాయి. మేకీ మేకీలో వాడినది 2.2 కోట్ల ఓమ్‌ల నిరోధకం. హద్దు 44 లక్షల ఓమ్‌ల దాకా వెళుతుంది. పొడి చర్మం, ఆకులు, సన్నటి పెన్సిల్ గీతలు కూడా అందులో ఇముడుతాయి.

అంత పెద్ద నిరోధకం వల్ల మరో మేలుంది. 5 వోల్టులను 2.2 కోట్ల ఓమ్‌లతో భాగిస్తే ప్రవహించే విద్యుత్తు సుమారు 0.23 మైక్రో ఆంపియర్లు. మామూలుగా ఒక ఎల్ఈడీ వెలగడానికి వాడే ప్రవాహంలో ఇది వేల వంతుల్లో ఒక వంతు. ఒంటికి తెలియను కూడా తెలియదు.

చరిత్ర

ఏ పదార్థాలు విద్యుత్తును మోస్తాయి, ఏవి మోయవు అన్న తేడాను 1729లో ఇంగ్లండ్‌లో స్టీఫెన్ గ్రే ప్రయోగాలతో తేల్చాడు. మరుసటి ఏడాది ఒక బాలుణ్ని పట్టుతాళ్లతో వేలాడదీసి, మనిషి శరీరం వాహకమని చూపించాడు. 1746లో ఫ్రాన్స్‌లో జాన్ ఆంత్వాన్ నొలే 180 మంది రాజభటులను చేతులు కలిపి నిలబెట్టి, వారందరి గుండా ఒకేసారి విద్యుత్ షాకు పంపాడు. నేటి తరగతి గదుల్లో పిల్లలు చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడి కంప్యూటర్ మీటను నొక్కే ఆట ఆ ప్రదర్శనకు సౌమ్యమైన వారసురాలు. ఇద్దరు కలిసిన చోట 2 లక్షల ఓమ్‌ల నిరోధం ఉందనుకుంటే, 44 లక్షల హద్దులో అటువంటి కలయికలు 22 ఇముడుతాయి.

శరీరాన్ని వలయంలో భాగం చేసి వాయిద్యం వాయించడం 20వ శతాబ్దంలో ఊపందుకుంది. రష్యాలో లెవ్ థెరెమిన్ 1920 ప్రాంతంలో చేసిన వాయిద్యాన్ని తాకకుండానే, చేతి ధారిత (విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణం) ద్వారా వాయిస్తారు. నెదర్లాండ్స్‌లో మిషెల్ వైస్విస్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన ‘క్రాక్‌డోస్’ పెట్టెలో వేళ్లే సర్క్యూట్‌ను పూర్తి చేసేవి. 1965లో ఇంగ్లండ్‌లో ఇ.ఎ. జాన్సన్ ధారిత ఆధారంగా పనిచేసే టచ్ తెరను వివరిస్తూ వ్యాసం ప్రచురించాడు. ఈనాటి ఫోన్ తెరలు ఆ తోవలోనివే.

మరో పాయ బోధనారంగం నుంచి వచ్చింది. అమెరికాలోని ఎంఐటీలో సీమోర్ పాపర్ట్ పిల్లలు వస్తువులను స్వయంగా నిర్మిస్తూ నేర్చుకోవాలన్న సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఆయన భాగస్వామిగా 1967లో లోగో కంప్యూటర్ భాష పుట్టింది. ఆయన బాటలో నడిచిన మిచెల్ రెస్నిక్ బృందం 2007లో స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ భాషను విడుదల చేసింది. అదే బృందంలో పరిశోధక విద్యార్థులుగా ఉన్న జే సిల్వర్, ఎరిక్ రోసెన్‌బామ్ మేకీ మేకీని రూపొందించారు. అంతకు ముందు సిల్వర్ ‘డ్రాడియో’ అనే పెన్సిల్ చేశాడు. గీత గీస్తూ ఉంటే, గీత పొడవును బట్టి దాని శబ్దం మారుతుంది. మేకీ మేకీ కోసం 2012 మేలో కిక్‌స్టార్టర్ అనే నిధుల సేకరణ వేదిక మీద 25,000 డాలర్లు అడిగితే, 11,124 మంది కలిసి 5,68,106 డాలర్లు ఇచ్చారు.

వాహక పదార్థాలు

లోహాలు: ఇంట్లో దొరికే వాటిలో అల్యూమినియం రేకు అన్నిటికన్నా సులువు. రాగి వాహకతలో సుమారు 60 శాతం దానికి ఉంటుంది. కత్తెరతో కత్తిరించి అట్టకు అంటిస్తే మీట తయారు. దానికి టంకం అతకదు కాబట్టి తీగను క్రొకోడైల్ క్లిప్పుతోనే పట్టించాలి. రాగి చెంబు, ఇత్తడి గిన్నె, స్టీలు పళ్లెం, గరిటె, తాళంచెవి, స్టెయిన్‌లెస్ స్టీలు నాణేలు కూడా పనిచేస్తాయి. రంగు వేసినవి, వార్నిష్ పూసినవి, ఆనొడైజ్ చేసిన అల్యూమినియం పాత్రలు మాత్రం పైపొర వల్ల పనిచేయవు. గీసి లోహం బయటపెడితే పనిచేస్తాయి.

కర్బనం: పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైట్, బంకమన్ను మిశ్రమం. బీ తరగతి పెన్సిళ్లలో గ్రాఫైట్ ఎక్కువ. 4బీ, 6బీ పెన్సిళ్లతో కాగితం మీద ఒత్తి రుద్దితే మంచి మీటలు వస్తాయి. గీత పొడవు పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతుంది, వెడల్పు పెంచితే తగ్గుతుంది. బొమ్మ వేసి, ఆ బొమ్మలోని భాగాలనే మీటలుగా మలచడానికి ఇది అనువైన పదార్థం. మామూలు కట్టెబొగ్గును నమ్ముకోకూడదు. తక్కువ వేడిలో కాలిన బొగ్గు వాహకంగా దాదాపు పనికిరాదు.

నీరు, పండ్లు, మొక్కలు: వీటిలో విద్యుత్తును మోసేవి లవణాల అయాన్లు. శుద్ధజలం దాదాపు బంధకం. ఉప్పు కలిపితే వాహకమవుతుంది. అయినా సముద్రపు నీటి కన్నా రాగి కోటి రెట్లకు పైగా మెరుగైన వాహకం. పండ్ల మీటలకు ఎక్కువ పుల్‌అప్ నిరోధం ఎందుకు కావాలో ఈ తేడాయే చెబుతుంది. అరటిపండు, టమాటా, నిమ్మకాయ, బంగాళాదుంప, కొబ్బరినీళ్లు పోసిన గిన్నె మంచి మీటలు. అరటి ఆకు వంటి వాటి మీద మైనపు పొర ఉంటుంది గనుక, ఆకును కోసి తడి ఉన్న ఈనె దగ్గర క్లిప్పు పెట్టాలి. ఎండిన ఆకు, ఎండిన తొక్క పనిచేయవు.

పిండిముద్ద: అమెరికాలోని మిన్నెసోటాలో సెయింట్ థామస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్‌మేరీ థామస్, విద్యార్థులతో కలిసి ‘స్క్విషీ సర్క్యూట్స్’ పేరుతో రెండు రకాల ముద్దలు ప్రచారం చేశారు. వాహక ముద్దకు 1 కప్పు నీళ్లు, ఒకటిన్నర కప్పుల మైదా, పావు కప్పు ఉప్పు, 9 టేబుల్ స్పూన్ల నిమ్మరసం, 1 టేబుల్ స్పూన్ నూనె కలిపి, మధ్యస్థ సెగ మీద ముద్దకట్టే దాకా కలియబెట్టాలి. చల్లారాక పొడిపిండి అద్దుకుంటూ పిసకాలి. బంధక ముద్దలో ఉప్పు బదులు పంచదార, మామూలు నీళ్ల బదులు డిస్టిల్డ్ వాటర్ పడతాయి. పంచదార నీటిలో కరిగినా అయాన్లుగా విడిపోదు. రెండు రకాల ముద్దలను పక్కపక్కనే పేర్చితే ఒకే బొమ్మలో విడివిడి మీటలు వస్తాయి.

దారాలు, బట్టలు: స్టెయిన్‌లెస్ స్టీలు దారంతో గుడ్డ మీద మీటలు కుట్టవచ్చు. లియా బ్యూక్లీ రూపొందించిన లిలీప్యాడ్ ఆర్డ్యునో 2007లో వచ్చాక బట్టల మీది ఎలక్ట్రానిక్స్‌కు ఊపు వచ్చింది. మన ఇళ్లలో ఇందుకు దగ్గరైనది జరీ. అసలు జరీ అంటే పట్టుదారం మీద చుట్టిన పల్చని వెండి రేకు, దాని మీద బంగారు పూత. అది చక్కని వాహకం. ఇప్పుడు ఎక్కువగా దొరికే ప్లాస్టిక్ జరీలో లోహం పూత అతి పల్చన, దాని మీద మళ్లీ లక్క పొర ఉంటుంది. మల్టీమీటర్‌తో కొలవకుండా జరీని నమ్మలేం. పాత గద్వాల, ధర్మవరం చీరల అంచు ముక్కలు ఇంట్లో ఉంటే కొలిచి చూడవచ్చు, చీర మాత్రం కోయనక్కర్లేదు.

మనిషి శరీరం: పొడి చర్మం నిరోధం లక్ష ఓమ్‌ల దాకా, ఒక్కోసారి అంతకు మించీ ఉంటుంది. తడిస్తే వెయ్యి ఓమ్‌లకు పడిపోవచ్చు. శరీరం లోపలి నిరోధం కొన్ని వందల ఓమ్‌లే. ఎండాకాలపు చెమట చేతులతో చక్కగా పనిచేసిన మీట ఏసీ గదిలో మొండికేయడానికి కారణం ఇదే.

బోర్డులు

మేకీ మేకీ: దీని ముందు వైపు నాలుగు బాణాలు, స్పేస్, మౌస్ క్లిక్ ఉంటాయి. తొలి బోర్డుల వెనుక వైపు డబ్ల్యూ, ఏ, ఎస్, డీ, ఎఫ్, జీ మీటలు, మౌస్ కదలికలకు మరో ఆరు ఉంటాయి. మొత్తం 18. ప్రోగ్రాము రాయకుండానే పనిచేయడం దీని ప్రధాన గుణం.

ఆర్డ్యునో లియోనార్డో, ప్రో మైక్రో: వీటి చిప్‌కు నేరుగా యూఎస్‌బీ కీబోర్డుగా కనిపించే శక్తి ఉంది. బడుల్లో ఎక్కువగా కనిపించే ఆర్డ్యునో యూనో పాత తరాల బోర్డులకు ఆ సౌకర్యం నేరుగా లేదు. కొనేముందు ఈ తేడా తెలుసుకోవాలి. ఒక్కో కాలుకు బయటినుంచి 10 లక్షల ఓమ్‌ల నిరోధకం కలిపి, కీబోర్డు లైబ్రరీతో చిన్న ప్రోగ్రాము రాస్తే, నచ్చిన మీటను నచ్చిన వస్తువుకు కేటాయించవచ్చు. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో కూడా ఇదే పని చేస్తుంది.

మైక్రోబిట్: బీబీసీ 2016లో బ్రిటన్ బడిపిల్లలకు ఉచితంగా పంచిన ఈ బోర్డు అంచున 0, 1, 2 సంఖ్యలున్న పెద్ద రంధ్రాలకు కోటి ఓమ్‌ల పుల్‌అప్ ఉంది. దానంతట అది కీబోర్డుగా కనిపించకపోయినా, దాని మీద నడిచే ప్రోగ్రాముకు పండ్లు మీటలవుతాయి.

ధారిత బోర్డులు: వీటికి గ్రౌండ్ తీగ పట్టుకోవాల్సిన పని లేదు. వాహకానికి వేలు దగ్గరైతే దాని ధారిత మారుతుంది, చిప్ ఆ మార్పును కొలుస్తుంది. ఎంపీఆర్ 121 చిప్‌కు ఇలాంటి 12 మీటలు కలపవచ్చు. ఈఎస్‌పీ 32 చిప్‌లో 10 టచ్ కాళ్లున్నాయి. పల్చని కాగితం వెనుక దాగిన రేకు కూడా మీటగా పనిచేస్తుంది. లండన్‌కు చెందిన బేర్ కండక్టివ్ సంస్థ కర్బనంతో చేసిన వాహక రంగును, దానికి తగిన టచ్ బోర్డును తెచ్చి గోడ బొమ్మలను మీటలుగా మార్చే వీలు కల్పించింది.

పాత కీబోర్డు: అన్నిటికన్నా చవకైన దారి ఇది. చెడిపోయిన కీబోర్డు కంట్రోలర్‌ను బయటకు తీసి, వరుసల కొనలకు తీగలు కలిపి, ఏ రెంటిని తాకిస్తే ఏ అక్షరం వస్తుందో ఒక పట్టిక రాసుకోవాలి. దీని పుల్‌అప్ తక్కువ కనుక రేకు, లోహం పనిచేస్తాయి, పండ్లు పనిచేయవు. బలహీన ప్రవాహాన్ని పెంచడానికి బీసీ 547 ట్రాన్సిస్టర్లు రెండింటిని జంటగా కలిపే డార్లింగ్టన్ అమరిక అభిరుచి గలవారికి పాత స్నేహితుడే.

ఒక నిర్మాణం: స్వరాల మీటలు

తయారీ క్రమం అర్థం కావడానికి సంగీతం మంచి ఉదాహరణ. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు మాయామాళవగౌళ రాగంలో నేర్పుతారు. ఆరోహణలో ఎనిమిది స్వరాలు: స రి గ మ ప ద ని స. అట్ట మీద ఎనిమిది రేకు ముక్కలు, నడుమ ఒక్కో సెంటీమీటరు ఎడంతో అంటించాలి. ముందు వైపు పొడుగునా ఒక పట్టీ అంటించి గ్రౌండ్‌కు కలపాలి. వాయించేవారి మణికట్టు దాని మీద ఆనితే చాలు, తీగ పట్టుకోనక్కర్లేదు. ఎనిమిది ముక్కలకు ఎనిమిది తీగలు, బోర్డు మీది ఎనిమిది మీటలు. స్క్రాచ్‌లో సంగీతపు అదనపు విభాగం చేర్చుకుని, మీట నొక్కినప్పుడు ఏ స్వరం మోగాలో సంఖ్య ఇవ్వాలి. షడ్జమాన్ని (స) 60 అనుకుంటే వరుసగా 60, 61, 64, 65, 67, 68, 71, 72. ఒక్కో అంకెకు ఒక్కో అర్ధస్వరం తేడా. శుద్ధ రిషభం (రి) షడ్జమానికి ఎంత దగ్గరో, అంతర గాంధారం (గ) ఆ రిషభానికి ఎంత ఎడంగా ఉందో పిల్లలు అంకెల్లోనూ చెవితోనూ ఒకేసారి పట్టుకుంటారు. గమకం మాత్రం ఈ మీటల మీద పలకదు. మీటకు తాకడం, వదలడం అనే రెండు స్థితులే ఉన్నాయి. గమకానికి కావలసిన జారుడు కొంతైనా రావాలంటే, వేలు ఎక్కడుందో నిరోధం ద్వారా కొలిచే పొడవాటి పెన్సిల్ గీత వంటి అమరికకు వెళ్లాలి.

తెలుగులో టైపింగ్

బోర్డు పంపేది మీట సంఖ్య. దాన్ని అక్షరంగా మార్చేది కంప్యూటర్‌లో ఎంచుకున్న లేఅవుట్. కంప్యూటర్‌ను తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే లేఅవుట్‌కు మార్చితే, ఇంగ్లిషు మీట సంఖ్యలే తెలుగు అక్షరాలవుతాయి. మేకీ మేకీ వెనుక ఉన్న డబ్ల్యూ, ఏ, ఎస్, డీ, ఎఫ్, జీ మీటల నుంచి వరుసగా ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము వస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉండడం వల్ల ఇలా జరుగుతుంది. హల్లు తోడు లేకుండా ఈ గుర్తులతో మాట పుట్టదు కాబట్టి, తెలుగు రాయడానికి మీటలను స్వయంగా కేటాయించుకునే లియోనార్డో వంటి బోర్డు కావాలి.

అందుకు ఎంతో సామగ్రి అక్కర్లేదు. షిఫ్ట్, డీ, సీ అనే మూడు మీటలు చాలు. షిఫ్ట్‌తో కలిపి డీ తాకితే అ, సీ తాకితే మ, డీ తాకితే పొల్లు, మళ్లీ సీ తాకితే రెండో మ. తెర మీద ‘అమ్మ’ అని వస్తుంది. మూడు పిండిముద్దలతో బడి ఈడు పిల్లవాడు తన భాషలో తొలి మాట రాయగలడు. ఒత్తు ఎలా పుడుతుందో, రెండు హల్లుల మధ్య పొల్లు ఏ పని చేస్తుందో చేతివేళ్లకే తెలుస్తుంది.

ఉపయోగాలు

చేతివేళ్లు సరిగా ఆడనివారికి ప్రామాణిక కీబోర్డు పెద్ద అడ్డంకి. వారికి కావలసినవి తరచు ఒకటో రెండో పెద్ద మీటలు. తెర మీద అక్షరాలు వంతులవారీగా వెలుగుతూ పోతుంటే, కావలసిన అక్షరం దగ్గర ఒక్క మీట నొక్కి ఎంచుకునే స్కానింగ్ పద్ధతిలో ఒక్క మీటతోనే వాక్యాలు రాయవచ్చు. చెంప తగిలించగల చోట, మోచేయి చేరగల చోట, కాలి బొటనవేలు కదిలే చోట ఆ మీటను అమర్చడానికి రేకు, స్పాంజి, వాహక గుడ్డ చాలు. ఒక్కొక్కరి శరీరానికీ ఒక్కో అమరిక కావాలి గనుక ఇంట్లో చేసుకునే మీట ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు వెనుక వరుసగా 3.5 మిల్లీమీటర్ల జాక్ రంధ్రాలున్నాయి. బయటి స్విచ్ ఏదైనా, ఇంట్లో చేసినదైనా, వాటికి కలపవచ్చు.

బ్రెయిలీ రాయడానికి ఆరు చుక్కలకు ఆరు మీటలు, ఖాళీకి ఒకటి ఉంటే మూలం సిద్ధమవుతుంది. 1951లో వచ్చిన పెర్కిన్స్ బ్రెయిలర్ అమరిక అదే. భారతి బ్రెయిలీలో తెలుగుకూ గుర్తులున్నాయి. అయితే చూపులేనివారు మీటను ముందు తడిమి గుర్తిస్తారు, తర్వాత నొక్కుతారు. తాకగానే పలికే మీట వారికి ఇబ్బంది. మీట చుట్టూ బంధకంతో గట్టు కట్టి, తడమడానికి ఆ గట్టును, నొక్కడానికి లోపలి గుంటను కేటాయించడం ఒక మందు.

బడుల్లో ఈ మీటలు విజ్ఞానశాస్త్ర పరికరాలు. ఏ వస్తువు వాహకం అన్న ప్రశ్నకు బల్బుతో చేసే పాత ప్రయోగం లోహాల వంటి మంచి వాహకాలనే చూపిస్తుంది. నిమ్మకాయ, చెయ్యి, చెట్టు ఆకు బల్బును వెలిగించలేవు. ఎక్కువ పుల్‌అప్ ఉన్న బోర్డు అవీ వాహకాలేనని చూపుతుంది. వాహకం, బంధకం అనేవి రెండు గదులు కావని, ఒక పొడవైన వరుస అని పిల్లలు తెలుసుకుంటారు. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ దేశంలో ఎంపికైన బడులకు 20 లక్షల రూపాయల దాకా అటల్ టింకరింగ్ ల్యాబ్ సాయం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఈ ల్యాబ్‌లున్నాయి. అక్కడి ఆర్డ్యునో బోర్డుల పెట్టెకు పక్కన ఒక రేకు చుట్ట, రెండు పెన్సిళ్లు, గుప్పెడు నిరోధకాలు పెడితే ఈ పాఠానికి సరిపోతుంది.

లోపాలు, కారణాలు

తాకకుండానే మీట పలకడం అందరికీ ఎదురయ్యే చిక్కు. పెద్ద నిరోధకం ఉన్న తీగ, గదిలోని కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ అలజడిని యాంటెనా లాగా పట్టుకుంటుంది. అందుకే మేకీ మేకీ తొలి ప్రోగ్రాము ఒక్కో మీటను 24 సార్లు చదివి, వాటి మొత్తాన్ని బట్టి నిర్ణయిస్తుంది. ఆ 24 పఠనాలకు పట్టే సమయం సుమారు 18 మిల్లీ సెకన్లు. 50 హెర్ట్జ్ అల ఒక చుట్టుకు పట్టేది 20 మిల్లీ సెకన్లు. దాదాపు పూర్తి చుట్టు మీద సగటు తీయడంతో అలజడి సద్దుమణుగుతుంది. నొక్కినట్టు గుర్తించే హద్దు, వదిలినట్టు గుర్తించే హద్దు వేర్వేరుగా పెట్టడంతో మీట వణకకుండా నిలుస్తుంది. సొంత ప్రోగ్రాములోనూ ఈ రెండు జాగ్రత్తలూ పాటించాలి. తీగలు పొట్టిగా ఉంచాలి.

తాకినా పలకకపోతే ముందు గ్రౌండ్ పట్టు చూడాలి. తర్వాత చేయి కొద్దిగా తడిపి చూడాలి. ఆపైన మల్టీమీటర్‌తో వస్తువు నిరోధం కొలవాలి. పక్క మీట కూడా పలికితే రెంటి మధ్య తడి చేరిందన్నమాట. పండ్ల రసం కారిన చెక్క బల్ల మీద ఇది తరచు జరుగుతుంది. పండ్లను విడివిడి ప్లాస్టిక్ మూతల్లో పెడితే సమస్య తీరుతుంది. క్లిప్పు గుచ్చిన చోట కొన్ని గంటలకే లోహం మసకబారుతుంది, వాడాక తుడిచి ఆరబెట్టాలి.

జాగ్రత్తలు

ఈ మీటల పని అంతా యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టుల లోపే జరగాలి. గోడ ప్లగ్గు కరెంటుతో వీటికి ఏ సంబంధమూ ఉండకూడదు. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో చార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్ లోహపు భాగం తాకితే జివ్వుమంటుంది. గ్రౌండ్ తీగను చేత్తో పట్టుకునే ఈ ప్రయోగంలో అది అసౌకర్యమూ ప్రమాదమూ. చార్జర్ తీసేసి బ్యాటరీ మీదే నడపాలి. ఛాతీలో పేస్‌మేకర్ వంటి పరికరం ఉన్నవారు శరీరాన్ని వలయంలో పెట్టే ప్రయోగాలకు దూరంగా ఉండాలి. క్లిప్పు గుచ్చిన పండ్లు, పిండి తినకూడదు. కర్బన కడ్డీ కోసం పాత బ్యాటరీ సెల్లులు పగలగొట్టకూడదు.

కీబోర్డుగా పనిచేసే ప్రోగ్రాములో పొరపాటుంటే బోర్డు ఆగకుండా అక్షరాలు కుమ్మరిస్తుంది. అప్పుడు ఆ ప్రోగ్రామును దిద్దడానికి కూడా కంప్యూటర్ లొంగదు. ఒక కాలును ‘ఆపు’ స్విచ్‌గా కేటాయించి, అది కలిసి ఉన్నప్పుడే మీటలు పలికేలా రాయడం మేలు. కీబోర్డునని చెప్పుకునే ఏ పరికరాన్నైనా కంప్యూటర్ నమ్మేస్తుంది. అందుకే ఎక్కడో దొరికిన, ఎవరో ఇచ్చిన తెలియని బోర్డును సొంత కంప్యూటర్‌కు కలపకూడదు.

ప్రాధాన్యం

వేగంగా టైపు చేయడానికి ఇంటి మీటలు ఫ్యాక్టరీ కీబోర్డుకు సాటి రావు. వాటి విలువ మరోచోట ఉంది. కంప్యూటర్‌కు సమాచారం ఇచ్చే దారి ఒక్కటే అన్న భావనను అవి తొలగిస్తాయి. ఆ దారి ఒక ఒప్పందం మీద నడుస్తుందని, ఆ ఒప్పందం బహిరంగమని, దాన్ని పాటించగల ఏ వస్తువైనా కంప్యూటర్‌తో మాట్లాడగలదని చేతికి చూపుతాయి. నిరోధం, వోల్టేజి, సంకేతాల సంఖ్యలు, లిపి లేఅవుట్ పాఠ్యపుస్తకాల్లో వేర్వేరు అధ్యాయాలుగా ఉంటాయి. ఒక్క మీట తయారీలో అవన్నీ ఒకే పనిలో భాగాలవుతాయి. మార్కెట్లో దొరికే పరికరం తన శరీరానికో, తన భాషకో, తన స్వరానికో అమరనివారికి ఈ అవగాహన నేరుగా ఉపయోగపడుతుంది. తమకు సరిపోయే మీట కోసం ఎదురుచూడకుండా దాన్ని వారే చేసుకోగలుగుతారు.